స్వతంత్ర నర్సింగ్ వృత్తి చట్టములు

స్వతంత్ర నర్సింగ్ వృత్తి అనగా నమోదైన నర్సు ప్రతి పనికీ వైద్యుని ఉత్తరువు కొరకు ఎదురుచూడక, తన చదువుకు, అనుభవానికి లోబడిన మేరకు తానే నిర్ణయము తీసుకొని, దానికి తానే బాధ్యత వహిస్తూ రోగికి సేవ చేయడము. నర్సు నడిపే క్లినిక్కు, ఇంటి వద్ద చేసే నర్సింగ్ సేవ, శిక్షణ పొందిన మంత్రసాని స్వయముగా జరిపే సాధారణ కాన్పు, నర్స్ ప్రాక్టీషనర్ ఉద్యోగము మొదలైనవి దీని క్రిందికి వస్తాయి. నర్సు ఎవరు అనే ప్రశ్నకు మన చట్టములు దాదాపు నూరేళ్ళుగా సమాధానము చెబుతున్నాయి. నర్సు తనంతట తాను ఏమి చేయవచ్చును అనే ప్రశ్నకు మాత్రము ఏ ఒక్క చట్టములోను పూర్తి సమాధానము దొరకదు. ఈ రెండవ ప్రశ్నకు స్పష్టమైన సమాధానమిచ్చే చట్టము కావాలన్నది భారతదేశములోని నర్సుల చిరకాల కోరిక. ఈ వ్యాసములో ఆ విషయమును ఆంధ్రప్రదేశ్‌ను, అందునా శ్రీ సత్యసాయి జిల్లాలోని కదిరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములను ఉదాహరణగా తీసుకొని వివరించడమైనది.

నమోదు చట్టములు

కదిరి ప్రాంతమునకు వర్తించిన మొదటి నర్సింగ్ చట్టము 1926 నాటి మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టము. అప్పటికి కదిరి తాలూకా కడప జిల్లా నుండి అనంతపురం జిల్లాకు మారి పదహారేళ్ళు అయినది. జిల్లా మొత్తము మద్రాసు రాష్ట్రములో ఉండేది. శిక్షణ పొందినవారి పేర్లను ఒక పట్టికలో చేర్చడము, తప్పు చేసినవారి పేర్లను తొలగించడము ఆ చట్టము యొక్క ముఖ్యోద్దేశము. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన తరువాత కూడా ఆంధ్ర ప్రాంతములో ఇదే చట్టము కొనసాగింది.

దేశములో నర్సుల సంఖ్య ఎంత తక్కువగా ఉండేదో 1946లో భోర్ కమిటీ నివేదిక బయటపెట్టింది. అప్పటి భారతదేశములో ఉన్న నర్సులు సుమారు 7,000 మంది, అనగా 43,000 మంది జనాభాకు ఒక్కరు. మరుసటి సంవత్సరము భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టము, 1947 వచ్చినది. దేశమంతటా నర్సింగ్ శిక్షణ ఒకే ప్రమాణములో ఉండాలన్నది దాని లక్ష్యము. ఒక రాష్ట్రములో పొందిన గుర్తింపు గల అర్హత మరొక రాష్ట్రపు పట్టికలో చేరుటకు కూడా సరిపోతుందని ఆ చట్టములోని 11వ సెక్షను చెప్పింది.

ఈ చట్టములు నర్సింగ్ విద్యకు మేలు చేసినవి. ఏ.ఎన్.ఎం. కోర్సు, మూడేళ్ళ జి.ఎన్.ఎం., నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగ్, ఆపైన ఎం.ఎస్సీ. అని చదువులు స్థిరపడ్డాయి. అయితే వీటిలో ఎక్కడా నర్సు చేయదగిన పనుల పరిధి వ్రాసి లేదు. రోగమును నిర్ణయించుట, మందుల చీటీ వ్రాయుట వైద్యుల చట్టములలో వైద్యులకు ప్రత్యేకించబడ్డాయి; మిగిలినది నర్సులదని ఊహించుకోవలసినదే. 1987లో నియమితమై 1989లో నివేదిక ఇచ్చిన సరోజినీ వరదప్పన్ ఉన్నతాధికార సంఘము కూడా నర్సుల పని గంటలు, వసతి, వారిపై పడే నర్సింగేతర పనుల వంటి బాధలను ఎత్తిచూపింది.

ఉపకేంద్రములో ఒక న్యాయము, ఇంటిలో ఒక న్యాయము

మందుల విషయములో ఈ అస్పష్టత బాగా కనిపిస్తుంది. మందులు, సౌందర్య సాధనముల నియమావళి, 1945 ప్రకారము లైసెన్సు లేకుండా మందులు అమ్మరాదు, పంచరాదు. దీనికి కొన్ని మినహాయింపులు షెడ్యూలు కె లో ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, ఉపకేంద్రములు, పట్టణ కుటుంబ సంక్షేమ కేంద్రములలో పనిచేసే నర్సులు, ఏ.ఎన్.ఎం.లు, మహిళా ఆరోగ్య సందర్శకులు, అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ కార్యక్రమముల క్రింద ఇచ్చే మందులకు అందులోని 23వ అంశము ద్వారా మినహాయింపు కలదు. మినహాయింపు ఆ మనిషి చదువును బట్టి వచ్చినది కాదు, ఆమె కూర్చున్న చోటును బట్టి వచ్చినది.

కాన్పుల విషయమూ ఇటువంటిదే. ప్రసూతి మరణములను తగ్గించుటకు కేంద్ర ప్రభుత్వము 2005లోను, మరల 2010లోను ఏ.ఎన్.ఎం.లు, స్టాఫ్ నర్సుల కొరకు మార్గదర్శకములు విడుదల చేసింది. కాన్పు అయిన వెంటనే రక్తస్రావము కాకుండా 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది వేయుట, గుర్రపువాతము వచ్చిన గర్భిణికి పెద్దాసుపత్రికి పంపేలోగా మెగ్నీషియం సల్ఫేటు మొదటి మోతాదు ఇచ్చుట వంటివి వైద్యుడు లేకపోయినా చేయవచ్చునని వాటిలో ఉన్నది. ఇది మార్గదర్శకమే గాని చట్టము కాదు. ప్రభుత్వ ఉద్యోగములో ఉన్నంతవరకు ఆమెకు ఇది రక్షణ. ఉద్యోగము విరమించిన మరునాడు, ముప్పై ఏళ్ళ అనుభవముతో, తన ఇంటిముందు గదిలో అదే సూది వేస్తే అది ఏ నియమము క్రిందికి వస్తుందో చెప్పుట కష్టము.

తనకల్లు మండలములోని ఒక పల్లెలో రాత్రి పూట ఒక బాలింతకు రక్తస్రావము మొదలైనదనుకొందాము. ఆ ఊరిలోనే విశ్రాంత ఏ.ఎన్.ఎం. ఒకరు ఉన్నారు. 108 వాహనము వచ్చేలోగా ఏమి చేయాలో ఆమెకు బాగుగా తెలుసు. చేస్తే, తరువాత ఏదైనా జరిగితే, నీకు ఏ అధికారము ఉన్నదని అడుగుతారు. చేయకపోతే, తెలిసి ఊరకున్నావని అడుగుతారు. నర్సులు చట్టము కోరుటకు అసలు కారణము ఇటువంటి సందర్భములే. పలుకుబడి, హోదా అనేవి ఆ తరువాతి మాటలు.

ఇక్కడ ఆర్.ఎం.పి.ల సంగతి చెప్పక తప్పదు. గ్రామములలో వైద్యము చేసే, వైద్య పట్టా లేని వారిని తెలుగునాట ఆర్.ఎం.పి. డాక్టర్లని పిలుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2000ల చివరలో వీరికి శిక్షణ ఇచ్చే ప్రయత్నము కూడా చేసింది. రాయలసీమ పల్లెలలో నాలుగేళ్ళు నర్సింగ్ చదివిన ఆమె "నర్సమ్మ", ఏ కళాశాలలోను చదవని ఆయన "డాక్టరు". సెలైను ఎక్కించేది, యాంటీబయాటిక్ సూది వేసేది ఎక్కువగా ఆయనే. చట్టము ఇద్దరికీ ఆ అధికారము ఇవ్వలేదు. అయితే నర్సుకు పోగొట్టుకొనుటకు రిజిస్ట్రేషను ఉన్నది, ఆయనకు అదీ లేదు. కనుక చట్టమునకు భయపడేది నర్సే.

అర్హత లేని పద్ధతిలో వైద్యము చేయుటను న్యాయస్థానములు కఠినముగానే చూచినవి. 1996లో పూనమ్ వర్మ కేసులో, హోమియోపతి చదివిన వైద్యుడు అల్లోపతి మందులు ఇచ్చుటయే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు నర్సులకు సంబంధించినది కాకపోయినా, తమకు వ్రాతపూర్వకముగా లేని అధికారమును వాడుకొంటే ఏమౌతుందో నర్సులకు తెలియజేసింది.

కదిరి, హిందూపురం ప్రాంతములలో

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. హిందూపురంలో జిల్లా ఆసుపత్రి, కదిరి, ధర్మవరంలలో ప్రాంతీయ ఆసుపత్రులు ఉన్నాయి. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ, ధర్మవరం దగ్గర బత్తలపల్లిలో 2000లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి కూడా ఈ ప్రాంతమునకు ఆధారము. అయినా కరవు నేలలలో విస్తరించిన నంబులపూలకుంట, గాండ్లపెంట, తలుపుల, ఆమడగూరు వంటి మండలములలోని పల్లెలకు ఇవన్నీ దూరమే. కదిరి నుండి అనంతపురంలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి సుమారు 90 కిలోమీటర్లు. కావున పల్లెలో జబ్బు చేసినప్పుడు మొదట చూచేది నర్సమ్మ, లేదా ఆర్.ఎం.పి.

2018లో ఆయుష్మాన్ భారత్ పథకముతో ఉపకేంద్రములలో కొత్త ఉద్యోగము ఒకటి వచ్చినది. దీనిని కేంద్రము కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు అన్నది, ఆంధ్రప్రదేశ్‌లో ఎం.ఎల్.హెచ్.పి. అనే పేరే జనానికి ఎక్కువ తెలుసు. రాష్ట్రములో ఈ ఉద్యోగములలో చేరినవారు బి.ఎస్సీ. నర్సింగ్ పట్టభద్రులు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయములలో ఏ.ఎన్.ఎం.లు కూడా చేరుటతో ప్రతి రెండు మూడు వేల జనాభాకు నర్సింగ్ చదివినవారు ఒకరిద్దరు అందుబాటులోకి వచ్చారు. ఇది పెద్ద మార్పు. రక్తపోటు, మధుమేహము పరీక్షించుట, చిన్న జబ్బులకు నిర్ణీత సూచనల ప్రకారము మందులివ్వడము, వైద్యుడు మొదలుపెట్టిన బి.పి., షుగరు మాత్రలను నెలనెలా కొనసాగించుట వీరి పనులు. వైద్యుని సలహా కావలసినప్పుడు ఈ-సంజీవని ద్వారా వీడియోలో మాట్లాడించవచ్చును. ఆరోగ్య ఉపకేంద్రముల నుండి ఈ సేవను 2019 నవంబరులో మొదట ప్రారంభించిన రాష్ట్రము ఆంధ్రప్రదేశ్.

అనగా స్వతంత్ర నర్సింగ్ వృత్తికి చాలా దగ్గరగా ఉండే పని ఈ పల్లెలలో ఇప్పటికే జరుగుతున్నది. కాని అది పథకము మీద నిలిచినది, చట్టము మీద కాదు. పథకము పేరు మారినా, నియమములు మారినా నర్సు అధికారము కూడా మారిపోతుంది.

హిందూపురం వైపు మరొక సమస్య కలదు. కర్ణాటక సరిహద్దు ప్రక్కనే ఉండుట వలన ఇక్కడి పిల్లలు చాలామంది బెంగళూరు నర్సింగ్ కళాశాలలలో చదువుతారు. అక్కడ చదివితే మొదట కర్ణాటక కౌన్సిల్‌లో నమోదు కావలెను. తిరిగి వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేయుటకు ఆ నమోదును ఇక్కడికి మార్చుకోవలెను. అర్హత అన్ని రాష్ట్రములలో చెల్లుతుందని 1947 చట్టము చెప్పినా, కాగితములు తెచ్చుకొనే భారము నర్సుదే. నూరు కిలోమీటర్ల దూరములో ఉన్న రెండు ఊళ్ళ మధ్య పనిచేయుటకు రెండు నమోదులు అవసరమగుట విడ్డూరమే.

ఇంటి వద్ద నర్సింగ్ సేవ కూడా బెంగళూరు వంటి నగరములలో బాగా పెరిగినది. మంచమున పడిన వృద్ధులకు పుండ్లు కట్టుట, ముక్కు గొట్టము ద్వారా ఆహారమిచ్చుట, మూత్రపు గొట్టము మార్చుట వంటి పనులకు "హోమ్ నర్సు" పేరుతో పంపబడే వారిలో నర్సింగ్ చదవనివారు కూడా ఉంటారు. పేరు ఒకటే కనుక ఇంటివారికి తేడా తెలియదు. ప్రైవేటు ఆసుపత్రులను, నర్సింగ్ హోములను నియంత్రించుటకు ఆంధ్రప్రదేశ్‌లో 2002లో ఒక చట్టము వచ్చినది. పేరులో నర్సింగ్ ఉన్నా నర్సింగ్ హోమును నడిపేది సాధారణముగా వైద్యుడేనని వేరుగా చెప్పనక్కరలేదు.

నర్సులు కోరుతున్నవి

1908లో ఏర్పడిన భారత శిక్షిత నర్సుల సంఘము మొదలుకొని రాష్ట్రములలోని ఉద్యోగ సంఘముల వరకు పలు వేదికలపై వినిపించే కోరికలలో మొదటిది పనుల పరిధిని చట్టములో వ్రాయడము. ఏ.ఎన్.ఎం. ఏమి చేయవచ్చును, జి.ఎన్.ఎం. ఏమి చేయవచ్చును, అదనపు శిక్షణ పొందిన నర్స్ ప్రాక్టీషనరు ఏమి చేయవచ్చును అనేది చదువు మెట్టును బట్టి ఉండాలి. రెండవది, ఒక నిర్ణీత జాబితాలోని మందులను వైద్యుని సంతకము లేకుండా ఇచ్చే అధికారము. ఈ రెండు కోరికలు విడదీయరానివి. ఏమి చేయవచ్చునో చెప్పి, దానికి కావలసిన మందును నిషేధిస్తే ప్రయోజనము లేదు.

బాధ్యత గురించిన కోరికను బయటివారు సరిగా అర్థము చేసుకొనుట లేదు. నర్సులు బాధ్యత నుండి తప్పించుకోవాలని చట్టము కోరుట లేదు. ఇప్పుడు ఆసుపత్రిలో పొరపాటు జరిగినప్పుడు నోటిమాటగా చెప్పిన ఉత్తరువుకు సాక్ష్యము ఉండదు, సూది వేసిన చేయి మాత్రము కనిపిస్తుంది. వైద్యుడు ఫోనులో చెప్పిన మాట ప్రకారము రాత్రి డ్యూటీలో మందు ఇచ్చే నర్సు, ఆచరణలో స్వతంత్రముగాను, కాగితము మీద పరతంత్రముగాను ఉంటుంది. ఏ నిర్ణయము ఎవరిదో వ్రాసి ఉంటే శిక్ష కూడా అసలు బాధ్యులకే పడుతుంది. దీనితో పాటు వృత్తి బీమా, రోగిని పై ఆసుపత్రికి పంపినప్పుడు అక్కడివారు నర్సు వ్రాసిన కాగితమును అంగీకరించుట కూడా అడుగుతున్నారు.

జీతముల విషయము వేరైనా దీనితో ముడిపడినదే. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల వేతనములపై 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశముతో కేంద్రము ఒక సంఘమును నియమించింది. 50 పడకల కంటే చిన్న ఆసుపత్రులలో సైతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని ఆ సంఘము సిఫారసు చేసింది. సిఫారసును అమలు చేయుట రాష్ట్రములకు వదిలివేయబడినది.

నర్సులలో అందరిదీ ఒకే అభిప్రాయము కాదు. కొత్త చట్టము పట్టభద్రులకే స్వతంత్రత ఇస్తే, గ్రామములలో ఎక్కువ కాన్పులు చూచిన ఏ.ఎన్.ఎం.లు వెనుకబడిపోతారనే భయము ఉన్నది. ఒక వార్డులో ముప్పై, నలభై మందిని ఒక్కరే చూడవలసి వచ్చే స్టాఫ్ నర్సులు, ముందు మనుషులను పెంచి తరువాత అధికారము గురించి మాట్లాడమంటారు. పని భారము తగ్గకుండా అధికారము ఇస్తే అది వైద్యుల కొరతను నర్సుల మెడకు చుట్టడమే అవుతుందనే ఈ వాదనలో చాలా నిజమున్నది.

వైద్యుల అభ్యంతరములు

భారత వైద్య సంఘము ఇటువంటి ప్రతిపాదనలను మొదటి నుండి వ్యతిరేకించింది. జాతీయ వైద్య కమిషన్ చట్టము, 2019లోని 32వ సెక్షను, ఆధునిక వైద్యముతో సంబంధము గల కొందరికి కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ పేరుతో పరిమిత లైసెన్సు ఇచ్చుటకు వీలు కల్పించింది. వీరి సంఖ్య నమోదైన వైద్యుల సంఖ్యలో మూడవ వంతుకు మించరాదు. ప్రాథమిక, నివారణ వైద్యములో నిర్దేశించిన మందులను మాత్రము స్వతంత్రముగా వ్రాయవచ్చును, మిగిలిన సందర్భములలో వైద్యుని పర్యవేక్షణ ఉండవలెను. ఎవరు అర్హులో చట్టము స్పష్టముగా చెప్పలేదు, నియమావళికి వదిలివేసింది. నర్సులు ఇందులో తమకు చోటు ఉంటుందని ఆశించగా, వైద్యులు ఇది నాటువైద్యమునకు చట్టబద్ధత కల్పించడమేనని దేశవ్యాప్త సమ్మె చేశారు.

గర్భస్రావముల చట్టము విషయములోను ఇదే జరిగినది. 1971 చట్టము ప్రకారము నమోదైన వైద్యులే గర్భస్రావము చేయవలెను. 2014లో తయారైన సవరణ ముసాయిదాలో నర్సులకు, ఏ.ఎన్.ఎం.లకు కూడా పరిమితముగా ఆ అవకాశము ప్రతిపాదించబడినది. 2021లో ఆమోదము పొందిన సవరణ చట్టములో అది లేదు.

రోగ నిర్ణయమునకు నర్సింగ్ పాఠ్యప్రణాళికలో ఇచ్చే సమయము తక్కువ, యాంటీబయాటిక్కుల దుర్వినియోగము పెరుగుతుంది అనే అభ్యంతరములు తోసిపుచ్చదగినవి కావు. నర్స్ ప్రాక్టీషనరుకు అదనపు చదువు ఉండవలెనని కోరేది అందుకే. పల్లెలకు తక్కువ స్థాయి వైద్యమా అనే ప్రశ్న కూడా వింటాము. ఆ పల్లెలలో ఇప్పుడున్న ప్రత్యామ్నాయము ఎం.బి.బి.ఎస్. వైద్యుడు కాదు, ఆర్.ఎం.పి. అనే సంగతి ఆ ప్రశ్నలో మరుగున పడుతుంది.

తెలంగాణలో మంత్రసానుల శిక్షణ

తెలుగు రాష్ట్రములలో స్వతంత్ర వృత్తికి అన్నిటికంటె దగ్గరగా వచ్చిన ప్రయత్నము తెలంగాణలో జరిగినది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుండి తన నర్సులకు మంత్రసాని శిక్షణ ఇచ్చుట మొదలుపెట్టినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఆ సంస్థతోను, యూనిసెఫ్‌తోను కలిసి ప్రభుత్వ నర్సులకు 18 నెలల శిక్షణ ప్రారంభించింది. 2018 డిసెంబరులో కేంద్రము మంత్రసాని సేవల మార్గదర్శకములు విడుదల చేసి, నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ అనే ఉద్యోగమును దేశమంతటికీ ప్రతిపాదించింది. చిక్కులు లేని కాన్పులను వీరు స్వయముగా చూస్తారు, చిక్కు కనిపిస్తే వైద్యునికి అప్పగిస్తారు. అనవసరపు సిజేరియన్లను తగ్గించుట ఒక లక్ష్యము. తెలుగులో మంత్రసాని అనే మాట చదువురాని ఊరి మంత్రసానికి కూడా వర్తిస్తుంది గనుక, ఈ నర్సులు మిడ్‌వైఫ్ అనే పేరునే ఇష్టపడతారు.

తీవ్ర చికిత్సా విభాగములలో పనిచేయుటకు కూడా భారత నర్సింగ్ కౌన్సిల్ రెండేళ్ళ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును రూపొందించింది. ఆసుపత్రి ఆమోదించిన స్థాయీ ఉత్తరువులకు లోబడి వీరు పనిచేయవలెను.

2023 చట్టము

జాతీయ నర్సింగ్, మంత్రసాని కమిషన్ చట్టము, 2023 జూలై 28న లోక్‌సభలో, ఆగస్టు 8న రాజ్యసభలో ఆమోదము పొందినది. 1947 చట్టమును తొలగించి దాని స్థానములో నిలుచుటకు ఇది ఉద్దేశించబడినది. కౌన్సిల్‌కు బదులు 29 మంది సభ్యుల జాతీయ కమిషన్, దాని క్రింద విద్య, తనిఖీ, నైతికత-నమోదు విషయములకు మూడు బోర్డులు ఉంటాయి. ప్రతి రాష్ట్రములో రాష్ట్ర కమిషన్ ఏర్పడవలెను. ఆమోదముతోనే అమలులోకి రాకుండా, అమలు తేదీని కేంద్రము వేరుగా ప్రకటించేటట్లు చట్టములో వ్రాయబడినది.

ఎప్పటికప్పుడు సవరించే జాతీయ నమోదు పట్టిక వలన హిందూపురం, బెంగళూరు మధ్య తిరిగే నర్సుల ఇబ్బంది తగ్గే అవకాశము కలదు. పట్టికలో పేరు లేకుండా నర్సుగా పనిచేస్తే ఒక సంవత్సరము వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. అర్హత లేక వైద్యము చేసేవారికి 2019 చట్టము విధించిన శిక్ష కూడా ఇంతే. "హోమ్ నర్సు" పేరును దుర్వినియోగము చేసేవారిపై ఇది పనిచేయవచ్చును.

స్వతంత్ర వృత్తి విషయములో మాత్రము పని చాలావరకు మిగిలియున్నది. కమిషన్ చేసే నియమావళి పనుల పరిధిని వ్రాసినా, మందుల నియమావళిలోని షెడ్యూలు కె ను మార్చకపోతే నర్సు తన క్లినిక్కులో మందు ఇవ్వలేదు. రెండూ వేరు వేరు చట్టముల క్రింద ఉన్నవి. ఈ రెండింటినీ ఒకేసారి సవరించవలెనన్నది నర్సులకు ముఖ్యమైన విషయము, అయినా బహిరంగ చర్చలలో దీని ప్రస్తావన చాలా తక్కువ.

ఇతర దేశములలో

అమెరికాలో 1965లో కొలరాడో విశ్వవిద్యాలయములో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును ఆరంభించారు. వైద్యులు పోవని ప్రాంతములలోని పిల్లలకు వైద్యము అందించుటకే ఆ కోర్సు పుట్టినది. ఇప్పుడు అక్కడి సగానికి పైగా రాష్ట్రములలో నర్స్ ప్రాక్టీషనర్లు వైద్యుని పర్యవేక్షణ లేకుండా పనిచేయవచ్చును. న్యూజిలాండులో 1990 సవరణ చట్టముతో మంత్రసానులు స్వతంత్రముగా కాన్పులు చూచే హక్కు పొందారు.

బ్రిటనులో ఈ మార్పు మెల్లగా వచ్చినది. 1986లో కంబర్లెజ్ నివేదిక పల్లె నర్సులకు కొన్ని మందులు వ్రాసే అధికారము ఇవ్వమన్నది, 1992లో చట్టము వచ్చినది, 2006 మే నుండి అదనపు అర్హత గల నర్సులు తమకు తెలిసిన పరిధిలో దాదాపు అన్ని మందులనూ వ్రాయగలుగుతున్నారు. మొదట చిన్న జాబితా, తరువాత పెద్ద జాబితా, చివరకు పరిధి అనే ఈ క్రమము మన దేశమునకు కూడా అనుకూలమైనదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి బ్రిటను వెళ్ళి పనిచేసే నర్సులు అక్కడ ఆ అదనపు కోర్సు చదివి మందుల చీటీ వ్రాయవచ్చును. వారే స్వదేశము తిరిగి వచ్చి కదిరిలో నర్సుగా చేరితే, ఆ అర్హతను నమోదు చేసే గడి ఇక్కడి పట్టికలో లేదు.